వాగు దాటి వచ్చిన బర్రె

ఇది చిన్న కథ. ఒక బర్రె, ఒక గోడ, ఒక గురువు. అంతే. పొయ్యి మీద పాలు పెట్టి మొదలుపెడితే పొంగేలోగా అయిపోతుంది.

తిరుపాలుకు ఒక చిక్కు వచ్చింది. అతను చెప్పిన తీర్పును ఊరంతా ఒప్పుకుంది, మస్తాన్‌బీ ఒక్కతే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆమె ఒక ప్రశ్న అడిగి పోయింది. ఆ ప్రశ్న తిరుపాలు గొంతులో చేపముల్లులా దిగబడింది.

అయితే తిరుపాలు తీర్పులు చెప్పేంతటి వాడు ఎప్పుడయ్యాడో చెప్పకుండా కథ ముందుకు పోదు.

నల్లవాగుపాడులో తీర్పులు చెప్పే పని మాలకొండయ్యది. సర్పంచి ఆయన భార్య నాగరత్నమ్మ. ఆమె సంతకాలు పెడుతుంది, ఆయన సర్పంచిగా ఉంటాడు. ఆయన మీసం గురించి కూడా చెప్పాలి గానీ, దానికి వేరే రోజు కావాలి.

తిరుపాలు పాలిటెక్నిక్ చదివి హైదరాబాదులో ఒక కంపెనీలో చేరాడు. అక్కడ అతని పని ఫొటోల్లో ఉన్నవాటి చుట్టూ గీత గీసి పేరు రాయడం. ఇది ఆటో, ఇది కుక్క, ఇది మనిషి. అలా పేర్లు రాసినవి చూసి చూసి కంప్యూటరు తనంతట తానే నేర్చుకుంటుందట. "అంత చదివి అక్కడ బాలశిక్ష చెబుతున్నాడా మావాడు" అని వాళ్ల నాన్న చాలా రోజులు దిగులుపడ్డాడు. కొన్నాళ్లకు తిరుపాలుకు రోడ్డు మీద నిజం కుక్క కనపడినా దాని చుట్టూ గీత కనపడటం మొదలైంది. ఉద్యోగం మానేసి వచ్చి, ఊరి బయట కాశయ్య గారి మఠంలో శిష్యుడిగా చేరాడు.

కాశయ్య గారు తత్వాలు పాడే గురువు. ఉన్నది ఒకటే, రెండోది లేదు అంటారు. ఊళ్లోవాళ్లు కళ్లు మూసుకుని వింటారు. విని ఇంటికి పోయి, నా గట్టు నీ గట్టు అని కొట్టుకుంటారు.

తిరుపాలు ధ్యానానికి కూర్చుంటే మనసు నిలిచేది కాదు. బర్రెలు గుర్తొచ్చేవి. ఊరి బర్రెలన్నీ వాగు ఒడ్డున కలిసి మేస్తాయి. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒకటో రెండో పక్కవాళ్ల కొట్టంలో దూరతాయి. ఇక వీధంతటికీ కాలక్షేపం. దీనికి ఒక దారి చూపిద్దామని తిరుపాలు ఫోనులో ఒక యాప్ తయారుచేశాడు. ఊళ్లో ప్రతి బర్రె ముఖాన్నీ ఫొటోలు తీసి, పేరుపేరునా దానికి నేర్పాలి. ఆ తరవాత ఏ బర్రెను చూపించినా అది ఎవరిదో ఫోనే చెబుతుంది.

ఫొటోల దగ్గర చిన్న ఇబ్బంది వచ్చింది. పాడిబర్రె మీద పరాయి కన్ను పడకూడదు. పడితే పొదుగు ఎండుతుంది. "ముఖం వరకే తీసుకో నాయనా, ఫొటో కోసమని బర్రెను మా వాకిలి దాటి అడుగు బయట పెట్టనివ్వను" అన్నారు ఆడవాళ్లంతా. పొదుగుకు పాత చీర చుట్టి, కాలికి నల్లతాడు కట్టి, ఎవరి గోడకు వాళ్లు ఆనించి నిలబెట్టారు. ఎన్ని ఫొటోలైనా ఆ గోడ దగ్గరే. తిరుపాలు వాదించలేదు. వాదిస్తే, ఆ తరవాత ఏ పొదుగు ఎండినా తన మెడకే చుట్టుకుంటుంది.

నేర్పడం అయ్యాక ఇల్లిల్లూ తిరిగి పరీక్ష పెట్టాడు. ఒక్కటి తప్పితే ఒట్టు. ఫోను ఆడగొంతుతో "సీతాలు. మాలకొండయ్య గారి గేదె" అనగానే మాలకొండయ్య మీసం దువ్వుకున్నాడు. ఎవరి బర్రె వాళ్ల ఇంట్లోనే ఉందని తెలిసి ఊరంతా సంతోషించింది.

తరవాత తుఫాను వచ్చింది. వాగు పొంగింది. మేతకు పోయిన బర్రెలు చాలావరకు ఈదుకుంటూ వచ్చాయి. రెండు రాలేదు. ఒకటి కోటమ్మ బర్రె గౌరి, ఇంకొకటి మస్తాన్‌బీ బర్రె రాణి. రెండూ చూడి బర్రెలే.

కోటమ్మకూ మస్తాన్‌బీకీ మధ్య ఒకటే గోడ. కోటమ్మ వైపు అది నీలంగా ఉంటుంది. ఆమె తమ్ముడు పంచాయతీ నీళ్ల ట్యాంకుకు రంగు వేశాడు. ట్యాంకు సగం వరకే నీలంగా ఎందుకుందని ఊళ్లో ఎవరూ అడగలేదు. మస్తాన్‌బీ వైపు గోడ నిండా పిడకలు. ఇద్దరూ ఒంటరివాళ్లే. ఆ గోడ మీదుగా ఎన్నేళ్లుగానో కూరగిన్నెలు అటూ ఇటూ పోతూ ఉండేవి. అటునుంచి మునక్కాయ పోతే ఇటునుంచి గోంగూర వచ్చేది.

వాన వెలిసిన చాలా రోజులకు, ఒకనాటి పొద్దున ఒక బర్రె వాగు దాటి ఆ వీధిలోకి వచ్చింది. ఎముకల గూడు. కొమ్ముల నుంచి తోక దాకా ఎండిన బురద. ఒక చెవి చిరిగి, చెవికుండే పసుపు బిళ్ల ఊడిపోయింది. పొట్ట మాత్రం నిండుగా ఉంది.

"నా గౌరీ!" అని కోటమ్మ పరిగెత్తింది.

"నా రాణే, వచ్చావా తల్లీ!" అని మస్తాన్‌బీ పరిగెత్తింది.

బర్రె ఇద్దరినీ చూసి అరిచింది. ఆకలి మీద ఉంది, అటుగా ఏ తాసిల్దారు పోయినా అరిచేదే.

ఎండుగడ్డి కోటమ్మ ఇంట్లోనే ఉంది కాబట్టి దాన్ని అక్కడే గోడవార కట్టేశారు. చలికి తట్టుకోదని కడగలేదు. మాలకొండయ్య వచ్చి "ఇంత సైన్సు వచ్చాక ఇంకా పంచాయితీలేంది" అని తిరుపాలును పిలిపించాడు. తిరుపాలు ఫోను తీశాడు.

"గౌరి. కోటమ్మ గారి గేదె. తొంభై ఎనిమిది శాతం" అంది ఫోను.

ఊరంతా ఒప్పుకుంది. మస్తాన్‌బీ తిరుపాలు ముందుకొచ్చి నిలబడింది.

"నా బర్రెను నేను గుర్తుపట్టలేనా తిరుపాలా?"

"కళ్లు మోసం చేస్తాయి పిన్నమ్మా. ఇది లెక్క. పోలిక చూసి చెప్తుంది."

"దేంట్లో పోలిక?"

తిరుపాలు ఫోను తెర తుడిచాడు. "అది నీకర్థం కాదులే పిన్నమ్మా" అన్నాడు.

ముల్లు దిగింది అక్కడే.

మస్తాన్‌బీ ఇంటికి పోయి మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. బర్రె ఉంటే నాలుగు నాళ్లు ఓర్చుకుని పాలు పోసుకుని బతుకుతుంది. లేకపోతే కోతల లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపచేలకు పోవాలి. అక్కడే గుడారం వేసుకుని ఎండాకాలం దాకా ఉండాలి. పోయినేడు బర్రె వట్టిపోయి అలా పోయినప్పుడు పట్టుకున్న దగ్గు ఆమెను ఇంకా వదల్లేదు. కోటమ్మకు ఆ దగ్గు గోడ ఇవతలికి వినపడుతూనే ఉంది. ఆ సాయంత్రం గోడ మీదుగా ఏ గిన్నే పోలేదు.

తిరుపాలు మఠానికి పోయేసరికి కాశయ్య గారు చాప మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నారు.

"అయ్యా, మస్తాన్ పిన్నమ్మకు మీరొక మాట చెప్పాలి. నా మాట వినడంలేదు."

"ఏమంటది?"

"దేంట్లో పోలిక అని అడుగుతుంది."

"నువ్వేమన్నావు?"

"నీకర్థం కాదన్నాను."

"నీకర్థమైందా?"

తిరుపాలు ఎదురుగా కూర్చుని ఓపిగ్గా చెప్పాడు. ఫోను ప్రతి ఫొటోనూ అంకెలుగా మార్చుకుంటుంది. రెండు ఫొటోల అంకెలు దగ్గరగా ఉంటే పోలిక ఉన్నట్టు. మనిషి కన్ను చేసేదీ అదే. తెలిసినదాన్ని పెట్టుకుని తెలియనిదాన్ని పోల్చుకుంటుంది. "కాకపోతే మనిషికి ఆశ ఉంటది, నిద్రొస్తది, మనవాడు అనే పిచ్చి ఉంటది. దానికి అవేం లేవయ్యా. ఉన్నదున్నట్టు చూస్తది."

కాశయ్య గారు ఒక కాయ ఒలిచి గింజల్ని చేటలో వేశారు.

"ఆ అంకెల్లో బర్రె ఎంతుందిరా?"

"అంటే ఏందయ్యా?"

"ఏం లేదులే. లారీ ఎప్పుడు?"

"రేపు పొద్దున."

"అయితే లారీ పోకముందే బర్రెను కడిగించు. అందరి ముందూ నీ ఫోనును ఇంకోసారి అడుగు."

తిరుపాలు పొంగిపోయాడు. గురువు తన పక్షాన ఉన్నాడనుకున్నాడు. శిష్యులకు ఇది తరచు వచ్చే జబ్బే.

"ఆ గొంగడి ఇటు పడెయ్యి, చలేస్తుంది" అన్నారు కాశయ్య గారు.

తెల్లవారింది. వీధి చివర లారీ వచ్చి నిలబడింది. మాలకొండయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బర్రెను కడగడానికి కోటమ్మ, మస్తాన్‌బీ వాగుకు తోలుకుపోయారు. ఒకరి చేతికి పలుపు ఇవ్వడానికి ఇంకొకరికి నమ్మకం లేక, ఇద్దరూ ఒకే పలుపు పట్టుకుని నడిచారు.

తిరుపాలు నీలం గోడ ముందు నిలబడి ఫోను సరిచూసుకుంటున్నాడు. తెర మీద వెలుతురు సరిపోయిందా లేదా అని చూస్తుంటే, గోడ పక్కన గొంగడి కప్పుకుని ఎవరో కూర్చుని ఉన్నారు.

"పెద్దాయనా, కొంచెం అవతలికి జరుగు. బర్రెను ఇక్కడే నిలబెట్టాలి" అన్నాడు, తెర మీదనుంచి తల ఎత్తకుండానే.

పెద్దాయన జరగలేదు. సరే, వెలుతురు చూసుకోవడానికి ఎవరైతేనేమని తిరుపాలు వేలితో నొక్కాడు.

"గౌరి. కోటమ్మ గారి గేదె. తొంభై ఎనిమిది శాతం."

వీధి గొల్లున నవ్వింది. పెద్దాయన మెల్లగా లేచాడు. గోడ చుట్టూ నడిచి అవతలి వైపుకు పోయాడు. పిడకల ముందు గొంతుకూర్చున్నాడు. తిరుపాలు తెర మీదనుంచి కళ్లు తియ్యకుండానే వెంట వచ్చాడు.

"ఇప్పుడు తియ్యరా" అన్నాడు పెద్దాయన.

ఆ గొంతు వినగానే తిరుపాలు తల ఎత్తాడు. చెయ్యి అప్పటికే నొక్కేసింది.

"రాణి. మస్తాన్‌బీ గారి గేదె. తొంభై ఆరు శాతం."

గొంగడి జారింది. కాశయ్య గారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాలకొండయ్యకు మాత్రం పంచాయితీ అలవాటు పోదు కదా. "అయితే ఇప్పుడు అయ్యగారు ఎవరి బర్రె అయినట్టు?" అన్నాడు.

తిరుపాలు గోడ వంక చూశాడు, ఫోను వంక చూశాడు. "గోడ..." అన్నాడు. "అయ్యా, అది గోడను చూస్తుంది."

"పాపం, దానికి నువ్వు చూపించింది అదే గదరా" అన్నారు కాశయ్య గారు. గొంగడి దులుపుకుని భుజాన వేసుకున్నారు. "దానికి నేను బర్రెను. నీకు నేనెవరో పెద్దాయన్ని. ఇద్దరూ ఒక్క బళ్లోనే చదివారా?"

తిరుపాలు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అంతలో వీధి మలుపులో బర్రె కనపడింది.

కడిగిన బర్రె తారురోడ్డులా నిగనిగలాడుతోంది. దానికి చెరోపక్కన ఇద్దరు ఆడవాళ్లూ నడిచి వస్తున్నారు. పోయేటప్పుడు ఇద్దరి చేతుల్లోనూ బిగువుగా ఉన్న పలుపు ఇప్పుడు నేల మీద జీరాడుతోంది.

"ఏమైందమ్మా?" అన్నాడు మాలకొండయ్య.

"గౌరికి నుదుట తెల్లచుక్క ఉంటది" అంది కోటమ్మ. "దీనికి లేదు."

"రాణికి తోకకుచ్చు తెలుపు" అంది మస్తాన్‌బీ. "దీనికి లేదు."

"నిన్నటిదాకా నాకు ఆ చుక్క కనపడిందక్కా. బురద కింద ఉంది, ఉంది అనుకున్నా."

"నాకు కుచ్చు కనపడలా? ఒట్టు వేసేదాన్నే కోటమ్మా."

లారీ హారన్ కొట్టింది. మస్తాన్‌బీ ఇంట్లోకి పోయి మూట తెచ్చుకుంది. లారీ ఎక్కి, బల్ల చివర కూర్చుంది. కాసేపటికి తలుపుకు తాళం వేసిన చప్పుడు వినపడింది. కోటమ్మ తానూ ఒక మూట పట్టుకుని వచ్చింది.

"అక్కా, జరుగు" అంది.

మస్తాన్‌బీ జరిగింది. లారీ పోయింది.

దిక్కులేని బర్రె పంచాయతీకే చెందుతుందని మాలకొండయ్య అన్నాడు. పంచాయతీ కొట్టం ఆయన ఇంట్లోనే ఉంది. కాశయ్య గారు ఆ మాట విననట్టే పలుపు అందుకుని తిరుపాలు చేతిలో పెట్టారు.

ఆ సాయంత్రం మఠంలో బర్రెకు కుడితి పెట్టి వచ్చి, తిరుపాలు గురువు ముందు చతికిలబడ్డాడు.

"అయ్యా, అది మిమ్మల్ని బర్రె అన్నది."

"అన్నదైతే ఏం? అన్నీ ఒకటేనని ఇన్నేళ్లు చెప్పా" అన్నారు కాశయ్య గారు. "ఇన్నాళ్లకు వినేవాడు ఒకడు దొరికాడు."

తిరుపాలు యాప్ తీసెయ్యలేదు. మళ్లీ మొదటినుంచి నేర్పుతానని, ఈసారి బర్రెల్ని బయలు పొలంలో నిలబెట్టి ఫొటోలు తీస్తానని అంటూనే ఉన్నాడు. ఆడవాళ్లు ఒప్పుకోవడంలేదు. దిష్టి.

బర్రె మఠంలోనే ఈనింది. దూడ పుట్టింది. తిరుపాలు దానికి గడ్డి కోశాడు, పేడ ఎత్తాడు, ఒంటి మీద రక్తం తాగే గోమార్లు ఏరాడు, పాలు పిండబోయి తన్నులు తిన్నాడు. ఫోను జేబులోనే ఉండేది. బర్రె దగ్గు ఎలా ఉంటుందో, ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో, వానమబ్బు పడితే చెవులు ఎలా పెడుతుందో అతనికి తెలిసింది. కానీ ఎంత మచ్చిక చేసినా మెడ మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు.

ఎండలు ముదిరాక కోటమ్మ, మస్తాన్‌బీ కోతల నుంచి తిరిగొచ్చారు. తుఫానుకు నానిన గోడ వాళ్లు లేనప్పుడే కూలిపోయి ఉంది. నీలం పెళ్లలూ పిడకలూ ఒకే కుప్పలో పడి ఉన్నాయి. మళ్లీ కడదామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కాశయ్య గారు బర్రెనూ దూడనూ తోలించి, గోడ ఉన్నచోటే గుంజ పాతించారు. పూట ఒకరు పిండుకుంటున్నారు. మస్తాన్‌బీ ఇక లారీ ఎక్కే పని లేదని దగ్గుతూనే అందరికీ చెప్పుకుంది.

అలా సర్దుకున్నాక, ఒకరోజు వాగు ఎగువ నుంచి ఒక మనిషి వచ్చాడు. వయసు మళ్లినవాడు. చెప్పులకు దుమ్ము, భుజాన ఒక పాత పలుపు. తుఫానుకు తన బర్రె కొట్టుకుపోయిందని, అప్పటినుంచి తీరిక దొరికినప్పుడల్లా వాగు వెంట ఊరూరూ చూసుకుంటూ వస్తున్నానని చెప్పాడు. ఇక్కడొకటి ఉందని ఎవరో అన్నారట.

ఆ సమయానికి కాశయ్య గారు అక్కడే మజ్జిగ తాగుతున్నారు. తిరుపాలు దూడను పట్టుకుని ఉన్నాడు. ఆడవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాలకొండయ్య ఎక్కడినుంచి ఊడిపడ్డాడో ఊడిపడ్డాడు.

"గుర్తులేమైనా చెప్పవయ్యా" అన్నాడు. "ఊరికే నాదంటే కుదరదు."

తిరుపాలు చెయ్యి జేబు దాకా పోయి, అక్కడే ఆగింది.

ఆ మనిషి గుర్తులేమీ చెప్పలేదు. బర్రె దగ్గరికి పోయాడు. బర్రె మెడ పైకెత్తి చాచింది. అతను దాని గదమ కింద గోకాడు. అది కళ్లు మూసుకుంది.

మస్తాన్‌బీకి దగ్గు వచ్చింది. ఆగలేదు. కోటమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ మనిషి వాళ్లిద్దరినీ చూశాడు. దూడను చూశాడు. కూలిన గోడను చూశాడు.

"పాలు బాగా ఇస్తదా?" అన్నాడు.

"ఇస్తది" అంది కోటమ్మ.

"ఇద్దరికీ సరిపోతాయా?"

"సరిపోతాయన్నా."

కోటమ్మ గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. అతను తాగి మూతి తుడుచుకున్నాడు.

"పోలిక ఉంది" అన్నాడు. "నాది కాదు."

కాశయ్య గారు గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, ఆ మనిషికి చేతులు జోడించారు. ఆయన ఎవరికైనా చేతులు జోడించడం తిరుపాలు అంతకుముందు చూడలేదు.

ఆ మనిషి వాగు వెంట దిగువకు పోయాడు. పోతూ తెచ్చుకున్న పలుపును గుంజ దగ్గర మరిచిపోయాడు.

సాయంత్రం తిరుపాలు దాన్ని తీసి బర్రె మెడకు వేసి చూశాడు. సరిగ్గా సరిపోయింది.